అంగుళాల లెక్కన ఆవు

పుంగనూరు ఆవుకు ఇవాళ ధర కట్టేది పాలను చూసి కాదు, ఎత్తును చూసి. నేల నుంచి మూపు దాకా టేపు పెట్టి కొలుస్తారు. మూడడుగులుంటే ఒక ధర, రెండున్నర అయితే ఇంకో ధర, రెండడుగుల దగ్గర ఆగిపోతే అడిగినంత. లక్ష నుంచి ఐదారు లక్షల దాకా చెబుతున్నారు, కొన్నిచోట్ల అంతకు మించి కూడా. కొన్నవాడే నెల తిరక్కుండా ఇంకొకరికి అమ్మేస్తున్నాడు. ఆవు పుట్టిన ఊళ్ళో రైతు చేతిలో పడింది ఎంత, చివరికి నగరం శివార్లలో ఫాంహౌసు వాకిట్లో కట్టేసుకున్నవాళ్ళు ఇచ్చింది ఎంత అని చూస్తే నడుమ చాలా దూరం ఉంటుంది. ఇష్టపడి అమ్మాడు, ఇష్టపడి కొన్నాడు, ఇందులో తప్పేముందని ఒక పక్షం అంటుంది. అరుదైనదాన్ని చేజిక్కించుకుని ధర పెంచి అమ్ముకోవడం దోపిడీ అని ఇంకో పక్షం అంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాడి ఉన్న ఇళ్ళలో ఈ మాట ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. రెండు పక్షాలూ చెప్పేది పూర్తిగా విని తేల్చుకోవలసిన విషయమిది.

ప్రపంచంలో ఈ తగవు ఎక్కువగా బొమ్మల చుట్టూ నడుస్తోంది. హాంకాంగ్‌లో పుట్టిన చిత్రకారుడు కాసింగ్ లంగ్ గీసిన లబుబు బొమ్మను చైనా కంపెనీ పాప్ మార్ట్ అమ్ముతుంది. 2025 మే నెలలో బ్రిటన్‌లోని దుకాణాల ముందు కొనేవాళ్ళు తోపులాడుకుంటే, కంపెనీ అక్కడ దుకాణాల్లో ఆ బొమ్మ అమ్మకాన్నే కొన్నాళ్ళు ఆపేసింది. వరుసలో ముందు నిలబడి బొమ్మలన్నీ కొనేసి, రెండింతలకూ మూడింతలకూ అమ్ముకునే వాళ్ళ వల్లే ఇదంతా వచ్చిందని అభిమానుల కోపం. మరుసటి నెల బీజింగ్ వేలంలో మనిషెత్తు లబుబు ఒకటి 10 లక్షల యువాన్లు దాటింది. మన లెక్కలో కోటి రూపాయలకు పైమాటే.

బొమ్మల మీద వచ్చిన వాదనలన్నీ తెచ్చి ఆవుకు అంటించేవాళ్ళున్నారు. అవి సగమే అంటుకుంటాయి. కంపెనీ తలుచుకుంటే ఇంకో లక్ష బొమ్మలు చేయగలదు. ఆవు తొమ్మిది నెలలు మోసి ఒక్క దూడను ఈనుతుంది. పెట్టె విప్పకుండా ఇరవై ఏళ్ళు దాచినా బొమ్మ బొమ్మగానే ఉంటుంది. ఆవును ఎదకొచ్చినప్పుడు దాటించకుండా అలంకారంగా పదేళ్ళు కట్టేస్తే దాని వంశం అక్కడితో సరి. ఈ రెండు తేడాల మీదే నా అభిప్రాయం నిలబడి ఉంది.

పాత చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతం, అంటే పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు చుట్టుపక్కల ఊళ్ళు, ఈ జాతికి సొంత నేల. వాన తక్కువ, గుట్టలూ రాళ్ళూ ఎక్కువ. చెనిక్కాయ పండితే పండినట్టు, లేకుంటే లేదు. అలాంటి చోట పెద్ద గొడ్డును మేపడం చిన్న రైతుకు తలకు మించిన పని. పొట్టి కాళ్ళు, వెడల్పు నుదురు, చిన్న కొమ్ములు, దాదాపు నేలకు తగిలే తోక ఉన్న ఈ ఆవు ఎండుగడ్డి, చెనిక్కాయ కట్టె తిని కరువు దాటేది. ఎడ్లు మెట్ట దుక్కికి సరిపోయేవి. పుంగనూరు జమీందార్లు ఈ జాతిని ఆదరించారని చెప్పుకుంటారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వివరాల్లో దీనికి ఈతకు సగటున 550 కిలోల దగ్గర పాలు, వెన్న ఐదు శాతం దగ్గర కనిపిస్తాయి. అమ్మకపు వీడియోల్లో మాత్రం వెన్న ఎనిమిది శాతం అని వినపడుతుంది. ఐదు కూడా మంచి శాతమే. దాన్ని పెంచి చెప్పాల్సిన అవసరం పాలు తాగేవాడికి లేదు, ఆవును అమ్మేవాడికే ఉంది.

ఈ జాతి పలచబడటానికి కారణం ఒక్కరిది కాదు. డెయిరీ లీటర్ల లెక్కన డబ్బిస్తుంది. రోజుకు రెండు లీటర్లిచ్చే ఆవూ, పది లీటర్లిచ్చే ఆవూ పక్కపక్కనే ఉంటే ఏ రైతైనా దేన్ని ఉంచుకుంటాడు? జెర్సీ సూది, హోల్‌స్టీన్ సూది ఊరూరికీ వచ్చాయి. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం వైపు పొద్దున్నే పాల వ్యాన్ ఆగే ఊళ్ళు చూస్తే దొడ్లలో ఎక్కువగా కనబడేది సంకర ఆవులే. అవే ఆ ఊళ్ళలో పిల్లల ఫీజులు కట్టాయి, పెళ్ళిళ్ళు చేశాయి. ఆ రైతులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఇంకొకటి కూడా జరిగింది. ఊరందరిదీ అయి, ఏ చేలో పడి మేసినా ఎవరూ కర్ర ఎత్తని, దేవుడి పేర అచ్చుపోసి వదిలిన ఆంబోతు కనుమరుగైంది. నాటు ఆవు ఎదకొస్తే దాటించడానికి నాటు కోడె లేదు. పశువైద్యశాలలో ఉన్నది జెర్సీ సూది. అలా ఒక్కో ఈతకూ జాతి పలచబడింది.

తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పలమనేరులో ఉన్న పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతూ వచ్చింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం 'మిషన్ పుంగనూరు' పేరుతో 69.36 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రయోగశాలలో పిండాలు తయారుచేసి ఇతర ఆవుల గర్భంలో పెంచి సంఖ్య పెంచాలన్నది అందులో ముఖ్యమైన పని. కాకినాడలోని నాడీపతి గోశాల వాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమించి రెండడుగుల దగ్గర ఎత్తుండే చిన్న పుంగనూరు ఆవులను తీసుకొచ్చామని చెబుతారు. 2024 సంక్రాంతికి ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలో తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ తర్వాత అడిగేవాళ్ళు పెరిగారు, ధరా పెరిగింది, దళారులూ పెరిగారు.

దళారి పక్షం మాట ముందు వినాలి. దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. పాలిచ్చే యంత్రంగా ఓడిపోయిన ఆవుకు ఇంకో విలువ ఉందని చూపించింది మేమే అంటారు వాళ్ళు. ధర లేనప్పుడు ఈ ఆవు ఎటు పోయిందో ఎవరూ అడగలేదు, ధర వచ్చాకే అందరికీ జాతి గుర్తొచ్చింది అంటారు. ఇందులో నిజముంది. పేడా గంజూ తప్ప ఏమీ ఇవ్వదనుకున్న ఆవు కొట్టంలో నిలిచిందంటే ఆ ధర వల్లే. ఊరూరూ తిరిగి ఆవును వెతకడం, వ్యాన్ మాట్లాడటం, పశువైద్యుడి సర్టిఫికెట్ తీసుకోవడం, దూరపు కొనుగోలుదారుడికి నచ్చజెప్పడం కూడా పనే. ఆ పనికి కూలీ ఉండాలి, కొంత లాభమూ ఉండాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రం స్థానిక సరుకు మీద వర్తకుడికి ఐదు శాతం, పరదేశపు సరుకు మీద పది శాతం లాభం అనుమతించింది. ఆ అంకెలు నేటికి పనికిరావు. కానీ లాభాన్ని కష్టంతో, దూరంతో ముడిపెట్టాలన్న ఆలోచన పాతది, న్యాయమైనదీ.

మదనపల్లె టమోటా మార్కెట్ తెలిసినవాళ్ళకు ఇంకో వాదన వెంటనే తడుతుంది. 2023 జూలై ఆఖరులో అక్కడ కిలో టమోటా 200 రూపాయల దగ్గరికి వెళ్ళింది. అప్పుడు ఎవరైనా రైతును దోపిడీదారు అన్నారా? అదే టమోటాను ఇంకో కాలంలో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసినప్పుడు ఎవరైనా అడ్డుపడ్డారా? కాబట్టి ఆవు ధర మీద ఇప్పుడు నీతులెందుకు అంటారు. నాకు ఇక్కడే తేడా కనిపిస్తుంది. టమోటా ధర ఆ రోజు బోర్డు మీద ఉంటుంది, పొద్దున్నే ఫోన్‌లో ఊరంతా తెలుస్తుంది. పెరిగినా తగ్గినా రైతుకు ఆ సంగతి తెలిసే అమ్ముతాడు. ఆవు ధర ఏ బోర్డు మీదా ఉండదు.

ఇప్పుడు బేరం ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. సంతలో బేరమైతే తువ్వాలు కింద చేతులు కలుస్తాయి, వేళ్ళు పట్టి నొక్కితే ఎన్ని వేలో తెలిసిపోతుంది, పక్కన నిలబడ్డవాడికి తెలియదు. ఇంటి దగ్గరి బేరం మాటలతో నడుస్తుంది. మనిషి వస్తాడు, దూరం నుంచే ఆవు ఎత్తును కంటితో కొలుస్తాడు, కానీ ఆ సంగతి ఎత్తడు.

"ఏం పెద్దాయనా, పాలెంతిస్తాది?"

"దూడకు పోను పూటకు లీటరు ఇస్తాది నాయనా."

"లీటరుకు దీన్ని మేపేదెట్లా? చెనిక్కాయ కట్టెకే చాలదే."

"ఏం చేసేది, మా నాయన కాలం నుంచి ఉండే ఆవు."

అక్కడి నుంచి ధర కిందికి జారుతుంది. పాలు తక్కువ, ముసలిదవుతోంది, చూలు కట్టిందో లేదో తెలియదు. రైతుకు కూడా అవన్నీ నిజమేననిపిస్తాయి. బేరం తెగుతుంది, బయానా చేతిలో పడుతుంది, పలుపు మారుతుంది. అదే ఆవు వారానికి ఒక వీడియోలో కనబడుతుంది. అక్కడ పాల మాట మొదట రాదు. మొదట వచ్చేది టేపు.

దళారి కొన్నది పాలు తక్కువని చెప్పి, అమ్మింది ఎత్తు తక్కువని చెప్పి. ఈ వ్యాపారంలో తప్పు ఎక్కడుందని ఎవరైనా నన్ను అడిగితే లాభం దగ్గర చూపించను, ఇక్కడ చూపిస్తాను. ఏ గుణానికి తను డబ్బు వసూలు చేయబోతున్నాడో ఆ గుణాన్ని ఆవు యజమాని నుంచి దాచిపెట్టి కొన్నాడు. పాత ఇంటి అటకమీద ఉన్న బొమ్మ విలువ తెలియని ముసలామె దగ్గర పది రూపాయలకు కొని, పట్నంలో పదివేలకు అమ్మేవాడి మీద వచ్చే అభ్యంతరం సరిగ్గా ఇదే. తెలివితేటలకు ప్రతిఫలం అంటారు కొందరు. సొంత కష్టంతో సంపాదించిన తెలివికి ప్రతిఫలం ఉండాలి, ఒప్పుకుంటాను. ఎదుటివాడికి తెలియదు కదా అని వాడుకున్న తెలివికి ఆ మాట వర్తించదు. తన దొడ్లో ఉన్నది ఏ జాతో తెలిసిన రైతు, ఇవాళ్టి ధర తెలిసిన రైతు, తనకు నచ్చి పదోవంతుకు అమ్మినా అది అతని ఇష్టం.

ఇక కొనేవాడి వైపు. ఎత్తే ధర అయినప్పుడు ఎత్తును తగ్గించి చూపడం మొదలవుతుంది. ఎదగని దూడను ఎదిగిన పొట్టి ఆవుగా చెప్పవచ్చు. పాలు చాలకుండా, పురుగుల మందు వేయకుండా పెరిగిన దూడ ఎలాగూ గిడసబారుతుంది, దాన్ని జాతి లక్షణంగా చూపవచ్చు. పొట్టిగా పుట్టిన సంకర దూడకు పుంగనూరు పేరు తగిలించవచ్చు. మోసం పట్టుకోవడానికి రైతులకు తెలిసిన పని ఒకటి ఉంది, పట్నం కొనుగోలుదారులు సాధారణంగా చేయరు: నోరు తెరిచి పళ్ళు చూడటం. రెండేళ్ళ దగ్గర పాలపళ్ళు రాలి ముందు రెండు పెద్ద పళ్ళు వస్తాయి. ఆ తర్వాత నాలుగు, ఆరు, చివరికి నోరు నిండుతుంది. పాలపళ్ళు మాత్రమే ఉన్న ఆవు ఎత్తు ఎంత అని అడగడంలో అర్థం లేదు, అది ఇంకా పెరుగుతుంది. ఆరు నెలలకు ఆవు భుజం తలుపు గొళ్ళెం దాకా వస్తే కొన్నవాళ్ళకు విసుగు పుడుతుంది. మళ్ళీ అమ్ముతారు. ఈసారి ధర సగం. ఆ దెబ్బ కూడా చివరికి ఆవు మీదే పడుతుంది.

పొట్టితనం మీద మోజు ఎక్కడికి తీసుకుపోగలదో ఇతర దేశాలు ఇప్పటికే చూశాయి. ఐర్లండ్‌కు చెందిన డెక్స్‌టర్ జాతిలో పొట్టి కాళ్ళకు కారణమైన జన్యువు ఒకటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వస్తే దూడ బతకదు, తల వాచి కాళ్ళు లేనట్టుగా ముందే పడిపోతుంది. ఇప్పుడు పరీక్ష చేయించి జతకట్టిస్తారు. అమెరికా కథ ఇంకా పెద్దది. 1930, 40ల్లో పశు ప్రదర్శనల్లో గట్టిగా, పొట్టిగా ఉన్న హెర్‌ఫర్డ్ పశువులకు బహుమతులు వచ్చేవి, వాటి కోడెలకు ఎక్కడలేని ధర పలికేది. 1950ల నాటికి మందల్లో మరుగుజ్జు దూడలు పుట్టసాగాయి. ఊపిరి తీస్తుంటే గురగుర శబ్దం, ఉబ్బిన పొట్ట, చాలావరకు బతకవు. ఏ బహుమతి కోడె వంశంలో ఆ దోషం ఉందో బయటపడితే మంద విలువే పోతుందని పుట్టిన మరుగుజ్జులను దాచిపెట్టినవాళ్ళున్నారు. ప్రదర్శనల్లో గెలిచిన వంశాలనే చివరికి పక్కన పెట్టాల్సి వచ్చింది. ధర ఒకే ఒక్క కొలత మీద నిలబడినప్పుడు పెంపకందారు ఆ కొలత వెంటే పోతాడు, మిగతావి చూడడు.

పుంగనూరు ఆవు పొట్టితనం అలాంటి రోగం కాదు. కరువు నేల ఎన్నో తరాలుగా ఎంపిక చేసిన గుణమది. అందుకే దాన్ని అంగుళం అంగుళం తగ్గించే పోటీ నాకు భయంగా ఉంది. అతి పొట్టి కోడెను అతి పొట్టి ఆవుకు, ఆ దూడను మళ్ళీ దగ్గరి బంధువుకు జతకట్టిస్తూ పోతే కనబడేది ముద్దుగానే ఉంటుంది. లోపల ఈనలేకపోవడం, పాలు పట్టకపోవడం, దూడలు బతకకపోవడం పేరుకుంటాయి. బంగ్లాదేశ్‌లో రాణి అనే భుట్టి ఆవు 51 సెంటీమీటర్లే ఉందని 2021లో వేల జనం చూడటానికి ఎగబడ్డారు. అదే ఏడాది ఆగస్టులో అది చచ్చిపోయింది. గిన్నిస్ రికార్డు ఆ తర్వాత వచ్చింది.

అసలు నష్టం మాత్రం ఇంకోచోట ఉంది, అది వీడియోల్లో కనిపించదు. ఒక జాతి నిలవాలంటే కనీసం 50 పశువులు ఒకదానికొకటి సంబంధం లేకుండా సంతతినిస్తున్నట్టు ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతుంది. అది అంచు మీది లెక్క, సురక్షితమైన లెక్క కాదు. మొత్తం ఎన్ని ఆవులున్నాయన్నదాని కంటే ఎన్ని వేర్వేరు కోడెలు దాటుతున్నాయన్నది ముఖ్యం. అలంకారానికి కొనేవాళ్ళు ఆవునే అడుగుతారు, కోడెను అడగరు. కోడెదూడ పుడితే ఏం చేయాలో వాళ్ళకు తెలియదు. ఒక ఇంట్లో ఒక ఆవు, ఇంకో నగరంలో ఇంకో ఆవు, మధ్యలో కోడె లేదు. ఇలా వెయ్యి ఆవులు వెయ్యి వాకిళ్ళలో ఉన్నా జాతికి అవి లేనట్టే. పుంగనూరులో రైతు కొట్టంలో ఉన్నప్పుడు కనీసం పక్క ఊళ్ళో కోడె దొరికే వీలుండేది.

కేరళ ఇంకో దారిలో నడిచింది. వైకం దగ్గరి వెచ్చూరు ఆవు కూడా పొట్టిదే. 1961 నాటి పశు అభివృద్ధి చట్టం లైసెన్సు లేని నాటు కోడెలను నిర్బంధంగా విత్తు కొట్టించడంతో ఆ జాతి దాదాపు అంతరించింది. 1989లో మన్నుత్తిలో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు శోశమ్మ ఐప్, ఆమె విద్యార్థులు ఊళ్ళన్నీ తిరిగి మిగిలిన కొద్ది ఆవులను వెతికి పట్టుకుని మంద కట్టారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అక్కడా ధర పెరిగింది, అక్కడా అలంకారానికి కొనేవాళ్ళున్నారు. 2014లో ప్రపంచంలోకెల్లా పొట్టి ఆవుగా గుర్తింపు పొందిన మాణిక్యం వెచ్చూరు ఆవే, 61.1 సెంటీమీటర్లు. కానీ ముందు మంద నిలబడింది, బజారు తర్వాత వచ్చింది. మన దగ్గర బజారు ముందు పరుగెత్తుతోంది.

ఇక పంచుకోవడం గురించి. మళ్ళీ అమ్మినప్పుడు మొదటివాడికి వాటా ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్స్ 1920లోనే చిత్రకారులకు ఈ హక్కునిచ్చింది. మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ఉంది: చిత్రం, శిల్పం లాంటి అసలు కృతి మళ్ళీ అమ్ముడుపోయి ధర 10 వేల రూపాయలు దాటితే, పది శాతానికి మించకుండా కళాకారుడికి వాటా రావాలి. ఒక మనిషి చేసిన శిల్పానికే అంత గౌరవం ఉన్నప్పుడు, ఎన్నో తరాలు కరువులో మేపి నిలిపిన జాతికి ఏమీ లేకపోవడం నాకు న్యాయంగా తోచదు. ఒంగోలు జాతి ఉదాహరణ మన ముందే ఉంది. పందొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా బ్రెజిల్ వెళ్ళిన మన పశువుల సంతతే అక్కడి నెలోర్. వయటీనా 19 అనే నెలోర్ ఆవుకు 2023లో కట్టిన విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ సంగతి ఒంగోలు రైతులకు పత్రికల్లో చదవడానికి మాత్రమే వచ్చింది.

వాటా అంటే కొత్త చట్టం రాయాలని నేను అనడం లేదు. మన ఊళ్ళలోనే ఒక పద్ధతి ఉంది. డబ్బున్న ఇంటివాళ్ళు పెయ్యదూడను పేద ఇంటికి పెంపకానికి ఇస్తారు, అది ఈని ఎదిగాక దూడలోనో ధరలోనో సగం సగం పంచుకుంటారు. కాగితం ఉండదు, మాటే ఉంటుంది. పుంగనూరు ఆవును దూరం తీసుకెళ్ళేవాడు కూడా అదే మాటకు కట్టుబడవచ్చు: మొదటి ఈతలో పుట్టిన కోడెదూడను తెచ్చి ఆ ఊళ్ళోనో, పలమనేరు కేంద్రంలోనో ఇస్తానని. డబ్బు వాటా కంటే ఇది రైతుకూ జాతికీ ఎక్కువ ఉపయోగం.

దీనికి కాగితం కూడా లేకపోలేదు. ప్రతి పశువు చెవికీ వేస్తున్న పన్నెండంకెల పసుపు ట్యాగు ఉంది. అందులో యజమాని, టీకాలు ఎక్కుతాయి. తల్లి, తండ్రి కోడె కూడా నిజాయితీగా ఎక్కిస్తే, అంగుళం కంటే నమ్మదగిన ఆధారం అదే అవుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ స్థాయిలో కమిటీలుండాలి, అవి తమ ప్రాంతపు పశుజాతులను కూడా రిజిస్టరులో రాయాలి. ఒకరు ఆవును కొని ఇంకొకరికి అమ్మినప్పుడు ఆ చట్టం పెద్దగా ఏమీ చేయలేదు. అయినా ఏ ఊళ్ళో ఎన్ని ఆవులు, ఎన్ని కోడెలు ఉన్నాయో బయటకు తెలిస్తే, రైతుతో మాట్లాడటానికి వచ్చినవాడు పాల మాటతో మొదలుపెట్టలేడు.

రైతుల వైపు నుంచి దీనికి గట్టి అభ్యంతరం వస్తుంది, అది సబబే. రిజిస్టరులో పేరు ఎక్కితే రేపు అమ్మకానికి అనుమతి అడగాలేమో, రవాణాకు అడ్డం పెడతారేమో అని భయం. ఒక్క వ్యాన్‌లో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదన్న 1978 నిబంధనే ఇప్పటికీ చాలాచోట్ల సరిగా అమలు కావడం లేదు, కాగితాల పేరుతో దారిలో ఆపేది మాత్రం చిన్న రైతునే అని వాళ్ళ బాధ. రిజిస్టరు రాసేవాళ్ళు ముందు ఈ భయాన్ని పోగొట్టాలి. అమ్మే హక్కు రైతుదే అని రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ వారం పలమనేరు కేంద్రంలో పెయ్యకు, ఆవుకు, కోడెకు ఎంత ధర నడుస్తోందో టమోటా ధర లాగే రైతుల ఫోన్‌కు పంపాలి. కొనుగోలుదారుడు కూడా ఎత్తు అడిగే ముందు మూడు సంగతులు అడగాలి: నోట్లో పళ్ళెన్ని, తండ్రి కోడె ఏ ఊరిది, ఎదకొస్తే ఎక్కడ దాటిస్తారు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట ఆవును కొనకపోవడమే మేలని నా నమ్మకం. కొనుగోలుదారుల్లో పదిమంది అలా వెనక్కి తిరిగితే, దళారి ఈసారి పుంగనూరు వైపు వచ్చినప్పుడు కోడెను కూడా బేరమాడతాడు.